చిగుళ్ళలో రక్తం, తలలో ఎన్యూరిజం: ఈ రెండింటికీ నిజంగా ముడి ఉందా?

అచ్చుతప్పు (ప్రశ్న)

నాకు 53 ఏళ్ళు. పుస్తకాలకు ప్రూఫులు దిద్దుతాను. ఇరవై ఆరేళ్ళుగా ఇతరుల తప్పులు వెతకడమే బతుకుతెరువు కాబట్టి, ఈ ప్రశ్నలో అనుమానం పాలు ఎక్కువగా కనిపిస్తే కాస్త ఓపిక పట్టండి.

ఫిబ్రవరిలో కళ్ళు తిరుగుతున్నాయని డాక్టరు దగ్గరకు వెళ్ళాను. చెవి లోపలి సమస్య అన్నారు, రెండు వారాల్లో అదే సర్దుకుంది. ఎందుకైనా మంచిదని తీయించిన ఎమ్మారైలో మాత్రం ఎవరూ అడగని సంగతి ఒకటి బయటపడింది. మెదడులో కుడివైపు మిడిల్ సెరిబ్రల్ అనే ధమని రెండుగా చీలే చోట 4 మిల్లీమీటర్ల ఎన్యూరిజం. న్యూరోసర్జన్ నా రిపోర్టు వెనకవైపే ఒక చెట్టుకొమ్మ గీసి, పంగలో చిన్న మొగ్గ పెట్టి "ఇంతే" అన్నారు. నాళం గోడ బలహీనపడిన చోట ఉబ్బిందట. ఇలాంటివి నూటికి ముగ్గురి తలల్లో ఉంటాయనీ, చాలామంది తమకు ఉన్నట్టే తెలియకుండా నిండు జీవితం గడిపేస్తారనీ చెప్పారు. బీపీ మాత్ర మానవద్దు, ఏడాదికి మళ్ళీ స్కాన్ చేసి చూద్దాం అన్నారు. నేనూ ధైర్యంగానే ఇంటికి వచ్చాను.

అసలు కథ పళ్ళ దగ్గర మొదలైంది. ఐదారు నెలలుగా పళ్ళు తోముకుంటే చిగుళ్ళ నుంచి రక్తం వస్తోంది. మొదట బ్రష్షు గట్టిదేమో అనుకుని మెత్తది కొన్నాను. తేడా లేదు. ఏప్రిల్‌లో దంతవైద్యురాలి దగ్గరకు వెళితే, ఆవిడ గీతలున్న సన్నటి పుల్లతో ఒక్కో పంటి చుట్టూ గుచ్చి, చిగురు సందు లోతు మిల్లీమీటర్లలో కొలుస్తూ అంకెలు చదివారు, సహాయకురాలు రాసుకుంది. "మూడు, మూడు, ఐదు, ఆరు, నాలుగు, ఆరు..." మా పనిలోనూ ఒకరు మూలం చదువుతుంటే మరొకరు అచ్చుప్రతి సరిచూస్తారు. అందుకే అంకె మూడు దాటినప్పుడల్లా ఆవిడ గొంతు ఒక్క క్షణం ఆగడం నా చెవికి ఇట్టే పట్టింది. చిగుళ్ళ జబ్బు. పెద్దవాళ్ళు పయోరియా అనేవారు కదా, అదే. పైగా కింది దవడలో ఒక పన్ను లోపల చచ్చిపోయి, వేరు కొసన చీము పట్టి ఉందట. రూట్ కెనాల్ ఒకటి, నాలుగు విడతలుగా చిగురు లోపలి దాకా క్లీనింగ్ అని రాసిచ్చారు.

ఆ రాత్రి చేయకూడని పని చేశాను. ఫోనులో "చిగుళ్ళు, ఎన్యూరిజం" అని వెతికాను. కంటపడిన మొదటి శీర్షిక: "నోటి బాక్టీరియాతో మెదడులో పగులుతున్న రక్తనాళాలు." ఫిన్లాండ్‌లో పగిలిన ఎన్యూరిజాల ముక్కలను పరీక్షిస్తే సగానికి పైగా వాటిలో నోటి బాక్టీరియా డీఎన్ఏ దొరికిందట. శీర్షికలో "పగులుతున్న" అని ఉంది. లోపల నాలుగో పేరాలో "పగలడానికి ఒక కారణం కావచ్చు" అని ఉంది. ఆ "కావచ్చు" ఎవరి బల్ల మీద రాలిపోయి ఉంటుందో నా వృత్తికి తెలుసు. కానీ రాత్రి రెండు గంటలకు భయానికి వ్యాకరణం పట్టదు.

అప్పటినుంచి సింకులో ఎర్రటి నురుగు కనబడితే చాలు, ఆ గాయం గుండా ఏదో పైకి, తలలోకి ఎక్కుతున్నట్టు ఊహ. రెండు వారాలుగా చిగుళ్ళకు తగలకుండా పళ్ళ మీదమీదనే బ్రష్షు ఆడిస్తున్నాను. క్లీనింగ్ రెండుసార్లు వాయిదా వేశాను, గోకితే అక్కడున్న బాక్టీరియా అంతా ఒక్కసారిగా రక్తంలో కలుస్తుందని. గోకించకపోతే రోజూ కొంచెం కొంచెంగా కలుస్తుందనీ తెలుసు. ముందు నుయ్యి, వెనక గొయ్యి.

ఆ పరిశోధన ఎంతవరకు నమ్మదగింది? నోటి బాక్టీరియా ఎన్యూరిజాన్ని పగలగొడుతుందా, లేక వెతికారు కాబట్టి కనిపించిందా? క్లీనింగ్ చేయించుకోవాలా, వద్దా? "భయపడకండి" అనే ఒక్క మాటతో సరిపెట్టవద్దని మనవి. ఆ మాట ఇంట్లో రోజుకు మూడుపూటలా వింటున్నాను.

పాతకాపు

నేనైతే పళ్ళన్నీ తీయించేసి కట్టుడు పళ్ళు పెట్టించుకునేవాణ్ణి. మా పెదనాన్న యాభై ఐదో ఏట అదే చేశారు, తొంభై ఒకటి దాకా బతికారు. పళ్ళే లేకపోతే పయోరియా ఎక్కడ ఉంటుంది, బాక్టీరియా ఎక్కడ ఉంటుంది?

చిగురువైద్యం

పాతకాపు గారూ, పెదనాన్నగారి ఆయుష్షుకు సంతోషం. కానీ మీ సలహాను వందేళ్ళ కిందటే పెద్ద ఎత్తున అమలు చేసి చూశారు, చాలా చెడ్డగా ముగిసింది. 1910లో విలియం హంటర్ అనే బ్రిటిష్ వైద్యుడు మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయంలో మాట్లాడుతూ, ఒంట్లోని ఎన్నో జబ్బులకు మూలం నోట్లోని చీమేనని దంతవైద్యుల మీద విరుచుకుపడ్డాడు. తర్వాత దశాబ్దాల పాటు కీళ్ళనొప్పులకు పళ్ళు పీకారు, నీరసానికి పళ్ళు పీకారు. అమెరికాలో ట్రెంటన్ మానసిక చికిత్సాలయంలో హెన్రీ కాటన్ అనే ఆయన మతిస్థిమితం తెప్పిస్తానని రోగుల పళ్ళు తీయించి, అది చాలక టాన్సిల్స్, పెద్దపేగు దాకా వెళ్ళాడు. పిచ్చి కుదరలేదు, ప్రాణాలు మాత్రం పోయాయి. అందుకే "నోటి బాక్టీరియా వల్ల ఫలానా జబ్బు" అనే శీర్షిక కనబడితే, పదిహేడేళ్ళుగా చిగుళ్ళ వైద్యమే చేస్తున్న నేను కూడా ముందు ఒక అడుగు వెనక్కి వేస్తాను.

అచ్చుతప్పు గారూ, మెదడు సంగతి తెలిసినవాళ్ళకు వదిలేసి పళ్ళ మట్టుకు చెబుతాను. గోకితే బాక్టీరియా రక్తంలో కలుస్తుందన్న మీ ఊహ తప్పు కాదు. అమెరికాలో 290 మందిని పరీక్షించిన అధ్యయనం ఒకటి 2008లో వచ్చింది. యాంటీబయాటిక్ లేకుండా పన్ను తీయించుకున్నవాళ్ళలో 60 శాతం మంది రక్తంలో నోటి నుంచి వచ్చిన బాక్టీరియా కనిపించింది. అయితే అందులోనే మరో అంకె ఉంది. ఊరికే బ్రష్షుతో తోముకున్నవాళ్ళలో కూడా 23 శాతం. పన్ను తీయించుకోవడం ఎప్పుడో ఒకసారి, తోముకోవడం రోజూ రెండుసార్లు. మొత్తం మీద ఎవరి వాటా ఎక్కువో మీరే లెక్క వేసుకోండి. అలా కలిసినవాటిని శరీరం చాలావరకు కొద్దిసేపట్లోనే ఏరిపారేస్తుంది. పాచి, గార బాగా పేరుకున్నవాళ్ళలో తోమినప్పుడు బాక్టీరియా రక్తంలోకి దిగే అవకాశం నాలుగు రెట్ల దాకా పెరుగుతుందని అదే బృందం తర్వాత చూపించింది.

అంటే మీరు భయపడి చిగుళ్ళను వదిలేసిన ఈ రెండు వారాల్లో మీరు మూయాలనుకున్న తలుపు ఇంకాస్త తెరుచుకుంది. మురుగుకాలువ తీసే రోజున కంపు కొడుతుంది. అందుకని తీయించకుండా ఉంటామా? రక్తం తెప్పించేది బ్రష్షు కాదు, వాపు. గట్టి గోడను తుడిస్తే గుడ్డకు ఏమీ అంటదు, చెమ్మ పట్టిన గోడకు వేలు తగిలినా సున్నం రాలుతుంది. చిగురు అంచున, మెత్తగా, రోజూ తోమండి. మొదటి వారం రక్తం వస్తుంది, రానివ్వండి.

క్లీనింగ్‌కు వెళ్ళినప్పుడు ఎన్యూరిజం ఉన్న సంగతి ముందే చెప్పండి. బీపీ మాత్ర వేసుకునే వెళ్ళండి, కుర్చీలో కూర్చున్నాక ఒకసారి బీపీ చూడమనండి. మత్తు సూది విషయంలో మొండికేయవద్దు, ఓర్చుకున్న నొప్పి కూడా బీపీని పెంచుతుంది. ముందుజాగ్రత్తగా యాంటీబయాటిక్ వేసుకోవాలా అని అడుగుతారేమో. 2007 నుంచి అమెరికన్ హార్ట్ అసోసియేషన్ ఆ జాగ్రత్తను కృత్రిమ కవాటం వంటివి ఉన్న, ప్రమాదం బాగా ఎక్కువైన గుండెలకే పరిమితం చేసింది. ఎన్యూరిజం ఆ జాబితాలో లేదు. ఇంకొక మాట. ఎప్పుడైనా ఎన్యూరిజానికి స్టెంట్ వేసి, రక్తం గడ్డకట్టకుండా మందులు ఇస్తే, పంటి పని కోసం వాటిని మీ అంతట మీరు ఆపవద్దు. అది సర్జన్‌ను అడగకుండా జరగకూడని పని.

చివరగా, ఇంత వివరంగా రాసిన మీరు ఒక్క సంగతి రాయలేదు. పొగ తాగుతారా?

గాజుపలక

నేను డాక్టర్ని కాను. ప్రయోగశాలలో ముప్ఫై ఏళ్ళు కణజాలాన్ని పలచగా కోసి, రంగువేసి, గాజుపలకల మీద పరిచినదాన్ని. నేను పరిచిన వాటిలో ఎన్యూరిజం గోడలు కూడా ఉన్నాయి. రిటైరయ్యాక పరిశోధన పత్రాలు చదవడం అలవాటుగా మిగిలింది.

మీరు చదివిన కథనం వెనక ఉన్న పత్రం 2013 నాటిది, ఫిన్లాండ్‌లోని టాంపెరె పరిశోధకులది. పగిలిన ఎన్యూరిజాల ముక్కలు 36 తీసుకుంటే 21లో, అంటే 58 శాతంలో, నోటి బాక్టీరియా డీఎన్ఏ దొరికింది. ఎక్కువగా కనిపించినవి స్ట్రెప్టోకోకస్ మైటిస్ కుటుంబానివి. ఇవి మీ నోట్లోనూ నా నోట్లోనూ ఈ క్షణంలో ఉన్నాయి, జబ్బు లేనివారి నోట్లోనూ ఉంటాయి. చచ్చిన పళ్ళ వేళ్ళలో చేరేవీ, చిగుళ్ళ సందుల్లో పెరిగేవీ కూడా కొన్ని నమూనాల్లో కలిసి ఉన్నాయి.

కథనం అక్కడ ఆగిపోయింది. పరిశోధకులు ఆగలేదు. మీలాంటివారికి రావలసిన సందేహమే వాళ్ళకూ వచ్చింది. పగిలినవాటిలో ఉంది సరే, పగలనివాటిలో? 2016లో అదే బృందం 70 నమూనాలతో మళ్ళీ చూసింది. పగిలినవి 42, పగలనివి 28. పగిలినవాటిలో 29 చోట్ల డీఎన్ఏ దొరికింది, 69 శాతం. పగలనివాటిలో 20 చోట్ల, 71 శాతం. దొరికిన డీఎన్ఏ పరిమాణంలోనూ చెప్పుకోదగిన తేడా లేదు.

ఆ రెండు శాతాలను పక్కపక్కన పెట్టి మీ శీర్షికను ఇంకోసారి చదవండి. బాక్టీరియా ఉండటమే పగలడానికి కారణమైతే, పగలనివాటిలో అది తక్కువగా కనిపించాలి కదా. అలా కనిపించలేదు. దొంగతనం జరిగిన ఇళ్ళలో ఒకడి వేలిముద్రలు దొరికాయని పట్టుకుపోతే, దొంగతనం జరగని ఇళ్ళలోనూ అన్నే వేలిముద్రలు దొరికినట్టయింది. వాడు దొంగ కాకపోవచ్చు, ఇంటింటికీ తిరిగే పాలవాడు కావచ్చు.

అలాగని తీసిపారేసే విషయమూ కాదు. పోల్చి చూడటానికి వాళ్ళు గుండె బైపాస్ ఆపరేషన్లలో వాడే ఛాతీ ధమని ముక్కలు తీసుకున్నారు. వాటికంటే ఎన్యూరిజాల్లో, పగిలినా పగలకపోయినా, బాక్టీరియా డీఎన్ఏ స్పష్టంగా ఎక్కువ. కాబట్టి ఆ గోడలో ఏదో జరుగుతున్న మాట నిజం. (ఇక్కడ నాదొక అభ్యంతరం. ఆ ఛాతీ ధమని మామూలుగానే జబ్బు పడటానికి మొరాయించే రకం. సరైన పోలిక ఆరోగ్యంగా ఉన్న మెదడు ధమనితో చేయాలి, కానీ బతికున్న మనిషి నుంచి దాన్ని ఎవరు కోసిస్తారు?)

ఎన్యూరిజం గోడను సూక్ష్మదర్శిని కింద చూస్తే అది ఉబ్బిన రబ్బరు గొట్టంలా ఉండదు. మామూలు ధమనిలో వంకీలు తిరిగిన పట్టీలాంటి సాగే పొర ఒకటి ఉంటుంది. ఎన్యూరిజంలో అది తెగిపోయి ఉంటుంది, చాలాచోట్ల అసలు కనిపించదు. కండర కణాలు పలచబడి ఉంటాయి. మధ్యలో మాక్రోఫేజ్‌లు, అంటే చెత్త ఏరే తెల్లకణాలు, చేరి ఉంటాయి. అవి వదిలే ఎంజైములు గోడకు బలమిచ్చే కొల్లాజెన్‌ను కరిగిస్తాయి. 2004లో హెల్సింకీ పరిశోధకులు 66 ఎన్యూరిజాల గోడలను పోల్చినప్పుడు, పగిలినవాటిలో ఈ వాపు కణాలు, లోపలి పొర ఊడిపోవడం, దాన్ని అంటుకుని నెత్తుటి గడ్డ ఉండటం ఎక్కువగా కనిపించాయి. కాబట్టి గోడను తినేది వాపు అన్నదాంట్లో పెద్ద వివాదం లేదు. ఆ వాపును రగిలించేది ఏమిటన్నదే ప్రశ్న. చీలిక దగ్గర రక్తం ఒరుసుకునే తాకిడి, బీపీ, పొగ పాత అనుమానితులు. బాక్టీరియా శకలాలు కొత్త అనుమానితులు. వాటి పైపొరలను తెల్లకణాలు శత్రువుగా గుర్తుపట్టి వాపు పుట్టిస్తాయి, అది ప్రయోగశాలల్లో తెలిసిన సంగతే. కానీ అవి వచ్చాక గోడ చెడిందా, చెడిన గోడకు అవి వచ్చి అతుక్కున్నాయా? ఈ అధ్యయనాలు ఆ ముందువెనకలు తేల్చలేవు. వాళ్ళు వాడిన పీసీఆర్ పరీక్ష డీఎన్ఏ ముక్కను పట్టుకుంటుంది. అది బతికున్న బాక్టీరియాదో, ఎప్పుడో చచ్చినదాని తునకో ఆ పరీక్షకు తెలియదు.

ఒక ధోరణి కూడా గమనించాను. టాంపెరె వాళ్ళు గుండెపోటు వచ్చినవాళ్ళ గడ్డల్లో వెతికారు, నోటి స్ట్రెప్టోకోకస్ దొరికింది. పక్షవాతం వచ్చిన 75 మంది మెదడు నాళాల నుంచి తీసిన గడ్డల్లో వెతికారు, 79 శాతంలో దొరికింది. వెతికిన చోటల్లా దొరికే సాక్షిని నేను కొంచెం తక్కువ నమ్ముతాను. మా ల్యాబులో అలా ప్రతి పలక మీదా ఒకే మరక కనిపిస్తే ముందు మా రంగునీళ్ళను అనుమానించేవాళ్ళం. వాళ్ళు పోలిక నమూనాలు పెట్టుకున్నారు కాబట్టి ఇది ఉత్త మరక అనను. ఎక్కడపడితే అక్కడ ఉండేది ఒక్కొక్క చోట ఏం చేస్తోందో వేరుగా రుజువు కావాలి, నేను అనేది అంతే.

చిగుళ్ళ వైపు నుంచి మొదలుపెట్టిన అధ్యయనం కూడా ఫిన్లాండ్‌లోనే జరిగింది. ఎన్యూరిజం ఉన్నవాళ్ళ నోళ్ళను ఐదువేల మందికి పైగా మామూలు జనంతో పోల్చారు. చిగుళ్ళ జబ్బు, రక్తం రావడం ఎన్యూరిజం ఉన్నవాళ్ళలో ఎక్కువ. ఆ మామూలు జనాన్ని 13 ఏళ్ళు గమనిస్తే, మొదట్లో చిగుళ్ళు బాగా చెడిన వాళ్ళలో తర్వాత ఎన్యూరిజం పగలడం కూడా ఎక్కువే. ఇది మీకు భయం కలిగించే భాగం, దాచను. అయితే పగిలినవాళ్ళు మరీ కొద్దిమంది కావడంతో "ఎన్ని రెట్లు" అన్న లెక్క నమ్మశక్యం కానంత ఊగిసలాడింది. ఒకరిద్దరు అటు ఇటు అయితే తారుమారయ్యే అంకెను నేను గోడకు అంటించుకోను.

"భయపడకండి" వద్దన్నారు కాబట్టి అంకె ఒకటి ఇస్తాను. ఎన్యూరిజం పగిలే అవకాశాన్ని అంచనా వేసే ఫేజెస్ అనే మార్కుల పద్ధతి 2014లో వచ్చింది. ఏ దేశంవారన్నది, బీపీ, వయసు, ఎన్యూరిజం పరిమాణం, అంతకుముందు వేరే ఎన్యూరిజం పగలడం, ఉన్న చోటు, ఈ ఆరింటికి మార్కులు వేస్తారు. ఫిన్లాండ్, జపాన్ వాళ్ళకు ప్రమాదం ఎక్కువని ఆ రెండు దేశాలకు అదనపు మార్కులు ఉన్నాయి. ఈ పరిశోధనలు అటువైపు నుంచే ఎక్కువగా రావడం అందుకే కాబోలు. మీరు ఆ రెండు దేశాలవారు కాకపోతే, మీరు చెప్పిన వివరాలతో మూడు మార్కులు. ఐదేళ్ళలో పగిలే అవకాశం నూటికి ఒకటి కన్నా తక్కువ, 0.7 శాతం. మీ సర్జన్‌ను అడిగి సరిచూసుకోండి. ఆ ఆరింటిలో పళ్ళు లేవు. ఆ మాటకొస్తే పొగ కూడా లేదు, పొగ చేసే చెడు అందరికీ తెలిసినా. కాబట్టి జాబితాలో లేదు గనక నిర్దోషి అనడానికీ లేదు.

అచ్చుతప్పు

చిగురువైద్యం గారి చివరి ప్రశ్న దగ్గర చాలాసేపు ఆగిపోయాను. మొదటి టపాలో వివరాలన్నీ రాసి అసలు పదం వదిలేసినట్టయింది. మా వాళ్ళు దీన్నే "చూపు జారడం" అంటారు. నిజం చెప్పాలంటే జారలేదు, జార్చాను.

తాగేవాణ్ణి. ఇరవై నాలుగేళ్ళు, ప్రూఫుల కట్టకు ఒక పెట్టె చొప్పున. పోయిన సెప్టెంబరు చివర మానేశాను. ఆ ఒక్క పనికి నా మీద నాకు కొంచెం గౌరవం ఉంది. రక్తం రావడం నవంబరులో మొదలైంది. మానేసిన పుణ్యానికి ఇదేమి ప్రతిఫలం అనుకున్నాను కూడా.

గాజుపలక గారూ, 69, 71. ఆ రెండు అంకెలు రాసుకుని కంప్యూటర్ అంచుకు అతికించాను.

చిగురువైద్యం

సెప్టెంబరులో మానేస్తే నవంబరులో రక్తం. అనుకున్నాను.

పొగ తాగేవాళ్ళలో చిగుళ్ళ జబ్బు ఎక్కువగా ఉంటుంది, కానీ రక్తం తక్కువ వస్తుంది. లోపల ఎముక కరుగుతున్నా పైకి చిగురు పాలిపోయి, గట్టిగా, బాగున్నట్టే కనిపిస్తుంది. అందుకే ఇరవై నాలుగేళ్ళూ మీకు ఏ హెచ్చరికా అందలేదు. మానేశాక కొన్ని వారాల్లో చిగుళ్ళకు మామూలు రక్తప్రసరణ, మామూలు స్పందన తిరిగి వస్తాయి. అప్పుడు పాత జబ్బు రక్తం రూపంలో బయటపడుతుంది. మానినవాళ్ళలో కొన్ని వారాలకే చిగుళ్ళ రక్తస్రావం పెరగడాన్ని 2003లో వచ్చిన ఒక అధ్యయనం చూపించింది. అంటే మీరు ఏ నురుగు చూసి గుండెలు బాదుకుంటున్నారో, అది నవంబరులో పుట్టిన జబ్బు కాదు. ఆరు మిల్లీమీటర్ల సందు ఐదు నెలల్లో ఏర్పడేది కాదు. చాలా ఏళ్ళ జబ్బు ఇప్పుడు నోరు విప్పింది, అంతే.

నికొటిన్ ఏ రూపంలోనైనా మళ్ళీ మొదలుపెడితే నురుగు తగ్గవచ్చు. అది చూసి మోసపోవద్దు.

గాజుపలక

ఇప్పుడు ఫిన్లాండ్ లెక్కను మళ్ళీ చూడండి. పొగ చిగుళ్ళను చెడగొడుతుంది, ఎన్యూరిజం పుట్టడానికీ పగలడానికీ అదే పెద్ద కారణం. ఒకే చేయి రెండు గంటలు మోగిస్తుంటే, ఒక గంట రెండోదాన్ని మోగిస్తోందని పొరపడటం సులువు. పరిశోధకులు లెక్కల్లో పొగను వేరుచేసే ప్రయత్నం చేశారు. కానీ "తాగుతారా, లేదా" అన్న గడిలో ఇరవై నాలుగేళ్ళు, కట్టకో పెట్టె ఎలా ఇముడుతుంది? గడి దాటి కొంత ఎప్పుడూ మిగిలిపోతుంది. మీరే చూడండి, మొదటి టపా ఆధారంగా ఎవరైనా పట్టిక నింపితే మీరు ఏ గడిలో పడేవారు?

రెండోజన్మ

ఇంతమంది గోడ గురించి మాట్లాడారు, గోడ కూలినదాన్ని నేనొకదాన్ని మాట్లాడతాను. నలభై నాలుగో ఏట నాది పగిలింది. ఆరేళ్ళయింది. ఆపరేషన్ చేసి దాని మొదట్లో క్లిప్పు పెట్టి మూశారు, ఎడమచేతి వేళ్ళలో కొంచెం మొద్దుతనం తప్ప బాగానే ఉన్నాను.

నా పళ్ళు అప్పుడూ ఇప్పుడూ ముత్యాలే. చిగుళ్ళలో చుక్క రక్తం ఎరగను. దీనివల్ల ఏమీ రుజువు కాదని గాజుపలక గారు అనేలోపు నేనే అంటున్నాను. నాకున్నది బీపీ, మూడేళ్ళుగా తెలిసీ మాత్ర వేసుకోని బీపీ.

మీకు చెప్పదలచుకున్నది వేరు. ఇంటికి వచ్చాక మీలాగే నేనూ రాత్రుళ్ళు వెతికాను. నెదర్లాండ్స్‌లో 250 మంది రోగులను, పగలడానికి ముందు ఏం చేస్తున్నారని అడిగి 2011లో జాబితా వేశారు. కాఫీ, కోపం, ఉలికిపాటు, కఠిన వ్యాయామం, విరేచనానికి ముక్కడం, గట్టిగా ముక్కు చీదడం. అది చదివి నెల రోజులు ముక్కు చీదకుండా తిరిగాను. జలుబు చేసి ముక్కు కారుతున్నా తుడుచుకుంటూ కూర్చున్నాను. నా తలలో ఉన్నదానికి అప్పటికే క్లిప్పు పడిందన్న సంగతి మా అమ్మాయి గుర్తుచేయవలసి వచ్చింది.

తెలుసుకోవలసిన ఒక్క గుర్తు ఇది. ఎన్యూరిజం పగిలినప్పటి తలనొప్పి మెల్లగా రాదు. పిడుగు పడినట్టు, నిమిషం లోపే పతాకస్థాయికి చేరుతుంది. నేను చీపురు పట్టుకుని వంగి ఉన్నాను, లేచేలోపు జీవితంలో ఎన్నడూ ఎరగనంత నొప్పి. తర్వాత వాంతి, మెడ బిగుసుకోవడం, వెలుతురు చూడలేకపోవడం. అలా వస్తే మాత్ర వేసుకుని పడుకోకూడదు, ఆ నిమిషానే అంబులెన్స్. ఇంట్లో వాళ్ళకు ఇది చెప్పి ఉంచండి. మూడుపూటలా "భయపడకండి" అనేవాళ్ళకు చేతికి ఒక పని దొరుకుతుంది.

అచ్చుతప్పు

మూడు వారాల తర్వాత రాస్తున్నాను. రెండు విడతల క్లీనింగ్ అయింది. కుర్చీలో కూర్చోగానే బీపీ 148/90, పావుగంట ఊరికే కూర్చోబెట్టాక 136/84. మత్తు సూది వేయించుకున్నాను. మొండికేయాలని అనిపించింది, చిగురువైద్యం గారి మాట గుర్తొచ్చి ఊరుకున్నాను. చల్లటి నీళ్ళు తాకితే పళ్ళు జివ్వుమంటున్నాయి, గార పోయాక సందులు పెద్దవై నాలుక ఎప్పుడూ అటే పోతోంది. శుభ్రం చేసిన వైపు నురుగు తెల్లగా వస్తోంది, చేయని వైపు ఇంకా గులాబీ రంగే. ఒకే నోటిలో దిద్దిన పుట, దిద్దని పుట.

సర్జన్‌ను ఫేజెస్ గురించి అడిగాను. మార్కులు మూడే అన్నారు. పళ్ళ సంగతి చెబితే, "మంచిది, చేయించుకోండి, పళ్ళ కోసం" అన్నారు. ఆ చివరి రెండు మాటలు ఆయన నొక్కి పలికారు. పొగ మళ్ళీ ముట్టుకోలేదు కదా అని మాత్రం రెండుసార్లు అడిగారు.

పాతకాపు గారూ, పళ్ళు ఉంచుకుంటున్నాను.

నిన్న పని లేక ఆ శీర్షికను ఎర్రసిరాతో దిద్దాను. "పగులుతున్న" కొట్టేశాను. "రక్తనాళాలు" ఉంచాను. "ఎన్యూరిజం గోడల్లో, పగిలినా పగలకపోయినా, నోటి బాక్టీరియా ఆనవాళ్ళు" అని వచ్చేసరికి "రక్తనాళాలు" కూడా పోయింది. చప్పగా ఉంది, ఏ సంపాదకుడూ వేయడు. రూట్ కెనాల్ గురువారం.